పోటీ మనిషిని తానే వెతుక్కున్న మా సీనియర్ గారు

మా సీనియర్ గారు పోయారన్న కబురు నాకు కోర్టు వరండాలో తెలిసింది. ఒక భూమి తగాదాలో వాయిదా తీసుకుని బయటికి వస్తుంటే మా గుమాస్తా ఎదురొచ్చి, "అమ్మా, పెద్దసారు తెల్లవారుజామున పోయినారంట" అన్నాడు. కొన్ని నెలలుగా కిడ్నీల జబ్బుతో తీసుకుంటున్నారు కాబట్టి ఈ మాట ఏదో ఒక రోజు వినక తప్పదని తెలుసు. అయినా చేతిలో ఫైలు బెంచీ మీద పెట్టి అక్కడే కూర్చుండిపోయాను.

మధ్యాహ్నం కోర్టులోనే లాయర్లంతా కలిసి సంతాప సభ జరిపారు. "విలువలతో కూడిన రాజకీయం చేసిన మనిషి" అని ఒకాయన గొంతు సవరించుకుని మరీ చెప్పాడు. మా సారు బతికున్న రోజుల్లో క్యాంటీన్లో "ఏం సార్, ఈసారన్నా డిపాజిట్ దక్కేనా?" అని పళ్ళికిలించింది ఆ పెద్దమనిషే. సాయంత్రానికి రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ కూడా లేచింది. టికెట్ ఇస్తామని చెప్పి, చివరి నిమిషంలో ముఖం చాటేసిన పార్టీవాళ్ళే దాని కింద తమ ఫొటోలు వేసుకున్నారు. ఆయన ఫొటో కంటే వాళ్ళ ఫొటోలే పెద్దవి. నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పాలంటే ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చుంది కూడా ఆ మంటతోనే.

ఆయన వృత్తి లాయరు. రాజకీయం ఆయన నెత్తిన తెచ్చిపెట్టుకున్న తద్దినం. మంత్రి కావాలనీ, కారు మీద ఎర్ర బుగ్గ కావాలనీ ఆయన ఏనాడూ అనుకోలేదు. ఆయనకు కావలసింది ఒక్కటే. తన ఊరివాళ్ళు, ఎవరూ చెప్పకుండా, వాళ్ళంతట వాళ్ళు ఆలోచించుకుని, తనకు ఓటు వేయాలి. అంతే. ఆ ఒక్కటీ ఆయనకు బతికుండగా దక్కలేదు. అందులో ఊరి తప్పెంత, ఆయన తప్పెంత అని నేను ఇప్పటికీ నాలో నేనే వాదించుకుంటున్నాను. తీర్పు మాత్రం రావడం లేదు.

ఆయన ఊరు తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. పేరు రాయను. ఆ ఊరివాళ్ళు ఇది చదివితే వాళ్ళకే తెలుస్తుంది. చేపల వేట మీద బతికే ఊరు. అక్కడినుంచి నల్లకోటు తొడుక్కున్న మొదటి మనిషి ఆయనే. నేను మనుబోలు దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టినదాన్ని. చేప అంటే సంతలో తూచి ఇచ్చేదనే తెలుసు తప్ప దాని వెనక అంత పెద్ద లోకం ఉందని ఆయన దగ్గర జూనియర్‌గా చేరేదాకా తెలియదు.

మధ్యాహ్నం వాళ్ళ అక్క ఊరినుంచి పంపిన క్యారియర్ విప్పితే ఎండు నెత్తళ్ళ చేపల వేపుడు వాసన ఆఫీసు మొత్తం కమ్మేసేది. పక్క గది లాయరు తలుపు దబాలున వేసుకునేవాడు. ఈయన మాత్రం, "వాళ్ళింట్లో వండరు పాపం, అందుకే కోపం" అని ఇంకో ముద్ద కలుపుకునేవారు. నా పళ్ళెంలో కూడా అడక్కుండానే వేసేవారు. మొదటి నెల మొహమాటానికి తిన్నాను. ఆ తర్వాత క్యారియర్ ఆలస్యమైతే ఆయన కంటే ముందు నేనే గడప దగ్గరికి వెళ్ళి చూసేదాన్ని.

ఆయనకొక అలవాటు ఉండేది. దాంతో మేం ఎన్ని కేసులు పోగొట్టుకున్నామో! తీరప్రాంతం నుంచి కక్షిదారులు వస్తే ఒంటరిగా రారు. వెంట ఊరి పెద్ద ఒకాయన వస్తాడు. మాట్లాడేదంతా ఆయనే. కష్టం వచ్చినవాడు తల దించుకుని వెనక నిలబడి ఉంటాడు. మా సారు ఆ పెద్దమనిషిని కూర్చోబెట్టి, మర్యాదలన్నీ చేసి, "పెద్దాయనా, మీరట్టా వీధి చివరకి పోయి టీ తాగి రాండి" అని బయటికి పంపేసేవారు. ఆ తర్వాత వెనకున్నవాడి వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వు చెప్పబ్బయ్యా. దెబ్బ తగిలింది నీకు గదా, నోరు ఆయనదెందుకు?" అనేవారు. చాలామంది పెద్దమనుషులు టీకని పోయి మళ్ళీ రాలేదు. కక్షిదారుణ్ణి కూడా తీసుకుని ఇంకో లాయరు దగ్గరికి పోయేవారు.

ఆ పట్టుదల ఎందుకో అర్థం కావాలంటే ఆ ఊరి కట్టుబాటు ఒకటి చెప్పాలి. దాన్ని దురాయి అంటారు. ఊరి పెద్దలంతా కూర్చుని ఒక నిర్ణయం చేసి దురాయి పెట్టారంటే అది ఊరంతటికీ శాసనం. ఫలానా రోజు వేటకి పోకూడదంటే ఏ బోటూ కదలదు. ఫలానా వలలు వాడకూడదంటే ఎవరూ వాడరు. దానివల్ల మేలు జరిగిన సందర్భాలు చాలా ఉన్నాయని సారే ఒప్పుకునేవారు. "సముద్రం మీద ఒక్కొక్కరు ఒక్కొక్క దారి పడితే బతకలేమమ్మా. అందుకని పుట్టింది అది" అనేవారు. కానీ కాలక్రమేణా ఓటుకి కూడా దురాయి వచ్చింది. ఈసారి ఫలానా ఆయనకి వేయాలని పెద్దలు తేలిస్తే ఊరంతా మారు మాట్లాడకుండా వేసి వస్తుంది.

నేను చేరిన కొత్తల్లో ఆ ఊరి భార్యాభర్తలు ఇద్దరు వచ్చారు. పెద్దలు చెప్పిన మనిషికి కాకుండా వేరే మనిషికి ఓటేశామని ఆ ఇల్లాలు ఎవరితోనో అమాయకంగా అనేసింది. ఊరు వాళ్ళని వెలివేసింది. బోటుకి ఐసు అమ్మరు. ఇసుక మీద పడవని నెట్టాలంటే పది చేతులు కావాలి, ఒక్క చెయ్యీ రాదు. పలకరించిన వాళ్ళకి జరిమానా. భర్త నేల చూపులు చూస్తుంటే ఆమే ముందుకొచ్చి అడిగింది.

"అయ్యా, నా ఓటు నాదా, ఊరిదా? అదొక్కటి చెప్పండి, పోతాం."

సారు ఆ కేసుని సొంత కేసులా చేశారు. సొంత చిన్నాయన ఆ పెద్దల్లో ముఖ్యుడైనా వెనక్కి తగ్గలేదు. గెలిచాం. పోలీసులు పోయి ఊళ్ళో ఆర్డరు చదివి వినిపించారు. మరునాటి నుంచి ఎవరూ వాళ్ళని నోటితో ఏమీ అనలేదు. ఐసు అడిగితే "ఇప్పుడే అయిపోయింది" అనేవారు. పడవ నెట్టమంటే "నడుం పట్టేసింది" అనేవారు. కొన్నాళ్ళు చూసి ఆ కుటుంబం జువ్వలదిన్నె వైపు ఆమె పుట్టింటి వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ కబురు విన్న రోజు సారు అన్నం తినలేదు. "ఆర్డరు తెచ్చినాం గానీ ఐసు తేలేకపోయినామమ్మా. ఇది కోర్టులో తెగేది కాదు. ఊళ్ళోనే తెగాల" అన్నారు.

అలా దిగారు రాజకీయాల్లోకి. పార్టీ ఒకటి ఆయన్ని చేర్చుకుంది. చేర్చుకుని ఏం చేసింది? ఫిర్యాదులు రాయించుకుంది, కార్యకర్తలకి బెయిళ్ళు ఇప్పించుకుంది, వేదిక మీద చివరి కుర్చీ వేసింది. అసెంబ్లీ టికెట్ మాత్రం రొయ్యల చెరువులున్న ఒక ఆసామికి ఇచ్చింది. సారు ఇండిపెండెంటుగా నిలబడ్డారు. ఆయన ఊరు, చుట్టుపక్కల జాలరి పాళేలు ఒక్క మాట మీదికి వస్తే గట్టి పోటీ ఇచ్చేవారు. అందుకు చేయవలసిందల్లా తమలపాకులు, పళ్ళు పట్టుకుని పెద్దల ముందు కూర్చుని "నాకు దురాయి పెట్టండి" అని అడగడమే. ఎదుటివాళ్ళంతా అడిగారు. ఈయన అడగలేదు.

ఇల్లిల్లూ తిరిగారు. కరపత్రాలు పట్టుకుని వెనక నేను. ఎండ మాడ్చేస్తోంది, చెప్పుల నిండా ఇసుక. ప్రతి ఇంట్లో చెంబుతో చల్లటి నీళ్ళు ఇచ్చారు, చాప వేశారు, ప్రేమగానే మాట్లాడారు. చివర్లో మాత్రం అందరిదీ ఒకటే ప్రశ్న.

"పెద్దలతో మాట్లాడినావా అన్నా?"

"నీతో మాట్లాడతా ఉండాను గదా?"

"అది సరే అన్నా. పెద్దలతో కూడా ఒక మాట అనేస్తే మాకు సులువు."

డిపాజిట్ పోయింది. ఫలితాలు వచ్చిన మరునాడే ఆ ఊరివాళ్ళు డీజిల్ సబ్సిడీ అర్జీ రాయించుకోవడానికి మా ఆఫీసు మెట్లెక్కారు. సిగ్గు లేకుండా! నేను గుమ్మం దగ్గరే ఆపి, "ఓటేసినాయన దగ్గరికే పోయి రాయించుకోండి" అన్నాను. సారు లోపల్నుంచి విని నన్ను పిలిచారు. "ఓటెయ్యలేదని అర్జీ రాయకపోతే నేను కూడా దురాయి పెట్టినట్టే గదమ్మా" అన్నారు. వాళ్ళ అర్జీ నాతోనే టైపు చేయించారు. కీబోర్డుని ఎంత గట్టిగా బాదానో వాళ్ళకీ వినిపించే ఉంటుంది.

ఇదంతా ఒక ఎత్తు, పంచాయతీ ఎన్నికల ముచ్చట ఒక ఎత్తు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఒకరోజు పొద్దున్నే వాళ్ళ చిన్నాయన నలుగురు పెద్దలతో ఆఫీసుకి వచ్చాడు. చేతిలో అరటి గెల. కేసు నాటి కోపాలన్నీ మరిచిపోయినట్టు కూర్చుని, "రే అబ్బయ్యా, ఈసారి సర్పంచివి నువ్వే. పోటీ లేదు. దురాయి పెట్టేసినాం. నామినేషను ఒకటి పడేసి రా, చాలు" అన్నాడు. నేను కుర్చీలో నిలవలేకపోయాను. ఇన్నేళ్ళకి ఊరు తనంతట తాను ఆయన గుమ్మంలోకి వచ్చింది! గుమాస్తాని స్వీట్లకి పంపబోతున్నాను. సారు ఒక్క ప్రశ్న అడిగారు.

"ఊళ్ళో ఇంకెవురన్నా నిలబడతామన్నారా చిన్నాయనా?"

"ఆ ఇంజన్లు బాగుచేసే మెకానిక్ ఒకడు చెయ్యెత్తినాడు. కూర్చోబెట్టేసినాంలే."

"ఎందుకు కూర్చోబెట్టినారు?"

"నీ కోసరమే గదరా!"

సారు నెమ్మదిగా, "వాడు నిలబడితేనే నేను నిలబడతా" అన్నారు. చిన్నాయన అది హాస్యమనుకుని పకపకా నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. అది హాస్యం కాదని నాకొక్కదానికే తెలుసు.

ఆ సాయంత్రమే సారు మెకానిక్ షెడ్డుకి పోయారు. "నిలబడాలని ఉండాదా లేదా, నిజం చెప్పు" అని అడిగారు. ఉంది. కానీ ఊళ్ళో అతని పేరు ప్రతిపాదించి సంతకం పెట్టేంత ధైర్యం ఎవరికీ లేదు. సారు ఏం చేశారో తెలుసా? తన సొంత అక్కతో సంతకం పెట్టించారు! తమ్ముడి మీద పోటీ చేసేవాడి పేరు అక్క ప్రతిపాదించింది. నేను ఆమె దగ్గరికి పరుగెత్తి, "అక్కా, మీరన్నా కాదనొచ్చు గదా" అంటే ఆమె చేపలు కడుగుతూనే, "వాడు చిన్నప్పట్నుంచీ అంతే మా. వాడితో ఎవురు వాదిస్తారు? పెట్టమన్నాడు, పెట్టినా" అంది. మెకానిక్ నామినేషనులో తప్పులుంటే అవి కూడా సారే దిద్దారు. తన నామినేషనులో కంటే అందులోనే ఎక్కువ శ్రద్ధ పెట్టారు.

నేను అరిచాను. నిజంగానే అరిచాను. "సార్, లోకంలో ఎవరైనా తన మీద తానే పోటీ పెట్టించుకుంటారా? వచ్చిన పదవిని కాలితో తంతారా?"

"పోటీనే లేకపోతే వాళ్ళు ఓటెప్పుడేస్తారమ్మా? ఒక్కసారి వెయ్యనీ. ఇద్దర్నీ చూసి, ఆలోచించుకుని వెయ్యనీ."

ఊరు ఆలోచించుకోలేదు. పెద్దలు ఆలోచించారు. తాము కూర్చోబెట్టినవాణ్ణి లేపి నిలబెట్టినందుకు వాళ్ళకి తల తీసేసినట్టయింది. దాంతో దురాయి తిరగేసి మెకానిక్‌కి పెట్టారు. సారు ఆటోకి మైకు కట్టించుకుని వీధి వీధీ తిరుగుతూ, "నాకు పెట్టిన దురాయీ చెల్లదు, వాడికి పెట్టిన దురాయీ చెల్లదు. మీకు ఎవురు నచ్చితే వాళ్ళకి వేసుకోండి" అని చెప్పారు. జనం అరుగుల మీద కూర్చుని విన్నారు. కొందరు తలలు కూడా ఊపారు. ఓట్లు మాత్రం ఒక్క వీధి తేడా లేకుండా మెకానిక్‌కే వేసి వచ్చారు.

ఆ మెకానిక్ గెలిచిన సాయంత్రం గ్రీజు చేతులతోనే వచ్చి సారు ముందు నిలబడి, "అన్నా, గెలుస్తానని నేననుకోలా" అని తల గోక్కున్నాడు. ఆ తర్వాత పంచాయతీ తీర్మానం రాయాలన్నా, పై ఆఫీసుకి ఉత్తరం పెట్టాలన్నా సారు దగ్గరికే వచ్చేవాడు. ఐసు ఫ్యాక్టరీ కావాలని అర్జీ సారు చేతే రాయించుకున్నాడు. వచ్చింది కూడా. శిలాఫలకం మీద అతని పేరుంది, పెద్దల పేర్లున్నాయి. సారు పేరు లేదు. ఆయనకది పట్టలేదు, నాకు పట్టింది.

వెళ్ళిపోవడానికి కొన్ని వారాల ముందు డయాలసిస్ అయ్యాక ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాం. ఇంక ఆపుకోలేక అడిగేశాను. "సార్, ఆ రోజు ఒప్పుకుని సర్పంచ్ అయ్యుంటే, కుర్చీలో కూర్చుని అదే దురాయిని మీరే తీసేసేవారు కదా. ఆ మాత్రం ఉపాయం మీకు తట్టలేదా?" జబ్బు మనిషిని అలా నిలదీయకూడదు. కానీ ఆయన నాకు నేర్పింది నిలదీయడమే. "తట్టింది మా. తప్పే చేసినానేమో. కానీ దురాయితో ఎక్కినోణ్ణి దురాయి తీసేస్తానంటే ఎవురు నమ్ముతారు?" అన్నారు. మళ్ళీ ఆయనే, "వాళ్ళంతట వాళ్ళు ఒక్క పని చేస్తే చూడాలని ఉండింది. ఏ పనైనా సరే" అన్నారు. నాకు కోపమూ దుఃఖమూ ఒకేసారి వచ్చి, మందులు తెచ్చే నెపంతో బయటికి పోయాను.

సంతాప సభ ముగిసిన సాయంత్రం ఊరికి వెళ్ళాను. అప్పటికే ఆయన్ని ఇంటికి చేర్చారు. ఆ ఊళ్ళో పేరున్న మనిషి పోతే అంత్యక్రియలు అయ్యేదాకా ఎవరూ వేటకి పోకూడదని పెద్దలు దురాయి పెడతారు. చాటింపు వేయిస్తారు. ఈసారి చాటింపు లేదు. అరుగు మీద కూర్చున్న చిన్నాయనని అడిగాను.

"దురాయి వద్దన్నోడు గదా మేడం" అన్నాడాయన, ఎటో చూస్తూ. "వాడి కోసరం దురాయెందుకు? పొయ్యేవాళ్ళు పోతారు, ఉండేవాళ్ళు ఉంటారు. ఎవురిష్టం వాళ్ళది."

చచ్చిన మనిషి మీద కూడా పంతమే! నాలుక చివరి దాకా వచ్చిన మాటని మింగేసి, వాళ్ళక్క పక్కన పోయి కూర్చున్నాను. ఆ రోజుల్లో చేపలు బాగా పడుతున్నాయని, ఒక్క రోజు వేట మానితే ఎంత నష్టమో వచ్చినవాళ్ళు మాట్లాడుకోవడం వినిపిస్తూనే ఉంది. పాడె మోయడానికి రేపు నలుగురన్నా మిగులుతారా అని నాకు బెంగ పట్టుకుంది.

పొద్దున సముద్రం వైపు నడిచాను. ఆ వేళకి ఇసుక ఖాళీగా ఉండాలి. లేదు. బోట్లు వరసగా ఒడ్డునే ఉన్నాయి. ఇంజన్లు పైకెత్తి, వలల మీద టార్పాలిన్ పట్టాలు కప్పి ఉన్నాయి. మగవాళ్ళు వాటి నీడన ఊరికే కూర్చుని ఉన్నారు. ఒకతన్ని అడిగాను.

"పోవద్దని ఎవరన్నా చెప్పారా?"

"ఎవురూ చెప్పలా మేడం."

"మరి?"

అతను భుజాలెగరేసి, "పోబుద్ధి కాలా" అన్నాడు.

నాకు వాళ్ళందరినీ పేరు పేరునా నిలబెట్టి తిట్టాలనిపించింది. ఈ బుద్ధి ఓటు రోజు ఎక్కడికి పోయింది? చూడాలని జీవితమంతా ఎదురుచూసిన మనిషి కళ్ళు మూసుకున్నాక చూపిస్తారా? అలా అనుకుంటూనే అక్కడే నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

అందరూ ఆగలేదు, అదీ చెప్పాలి. కొన్ని బోట్లు లోపలికి పోయాయి. ఊరేగింపు శ్మశానం దారి పట్టే సమయానికి వాటిలో ఒకటి ఒడ్డుకి వచ్చింది. ఒకతను దాంట్లోంచి దూకి, మోకాళ్ళ లోతు నీళ్ళలో పరుగెత్తుకుంటూ వచ్చి, మెకానిక్‌ని భుజం తట్టి పక్కకి జరగమని, పాడె కర్ర తన భుజానికెత్తుకున్నాడు. వేటకెందుకు పోయావని ఎవరూ అడగలేదు, జరిమానా మాట ఎవరూ ఎత్తలేదు. చిన్నాయన చూసి కూడా ఏమీ అనలేదు. అతని లుంగీ అంచు నుంచి సముద్రపు నీళ్ళు కారుతూ శ్మశానం దాకా ఇసుక మీద తడి గీత పడింది.